ఎండ మండుతోంది, మరి ఫ్యాన్ ఎందుకు తిరగలేదు?



మార్చిలో, ఫైనల్ ఎగ్జామ్స్‌కు వారం ముందు, నైన్త్ క్లాస్‌లో ఒక అబ్బాయి లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగాడు. "మేడమ్, నిన్న మధ్యాహ్నం మూడు గంటలసేపు కరెంటు పోయింది. మా డాబా మీద సోలార్ ప్యానెల్స్ ఉన్నాయి. ఎండ కూడా బాగా ఉంది. అయినా మా ఇంట్లో ఫ్యాన్ తిరగలేదు. ఎందుకు?"

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీ నుంచి ఎవరో "మీ డాడీని ఎవరో బాగా మోసం చేశార్రా" అన్నారు. ఆ పిల్లాడి మొహం చిన్నబోయింది. వాళ్ల నాన్నగారు బ్యాంకు లోన్ తీసుకుని మరీ ఆ ప్యానెల్స్ పెట్టించారు. అంతకంటే పెద్ద విషయం తర్వాత తెలిసింది. "సోలార్ వచ్చింది కదా, ఇక ఇదెందుకు" అని ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్‌ని, బ్యాటరీని అమ్మేశారట.

నేను ఫిజిక్స్ టీచర్ని. కిలోవాట్ అవర్ డెఫినిషన్ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. "రేపు చెప్తాను" అన్నాను. ఆ రాత్రి కూర్చుని చదివాను, సోలార్ బిగించే పనిలో ఉన్న మా కజిన్‌కి ఫోన్ చేశాను. వాళ్ల నాన్నగారిని ఎవరూ మోసం చేయలేదు. అమ్మినవాళ్లు చెప్పిన ప్రతి మాటా నిజమే. అడగాల్సిన ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఈమధ్య పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయిపోయాక చాలామంది మీరు అడుగుతున్నవి ఇవే: సోలార్ పెట్టించాలా, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలా, ఏది నమ్మాలి? ఏ కంపెనీది కొనాలో చెప్పే పని నాది కాదు. వాటి వెనక ఉన్న లెక్క మాత్రం చెప్పగలను. అదంతా మీ పిల్లల సైన్స్ పుస్తకంలో ఉన్నదే.

కరెంటు పోతే సోలార్ ఎందుకు ఆగుతుంది

సాధారణంగా ఇళ్లకు పెడుతున్న సోలార్‌ని ఆన్‌గ్రిడ్ అంటారు. ప్యానెల్స్ నుంచి వచ్చే కరెంటును ఒక ఇన్వర్టర్ మన ఇంటి కరెంటులా మార్చి, మీటర్ ద్వారా వీధి లైనుకు కలుపుతుంది. ఇందులో బ్యాటరీ ఉండదు. పగలు మన ఇంట్లో వాడగా మిగిలింది వీధిలోకి వెళ్తుంది, రాత్రి మనకు కావలసింది వీధిలోంచి వస్తుంది. వెళ్లినదాన్నీ వచ్చినదాన్నీ మీటర్ విడివిడిగా లెక్కపెడుతుంది. దీన్నే నెట్ మీటరింగ్ అంటున్నారు.

ఇప్పుడు వీధిలో కరెంటు పోయిందనుకోండి. లైన్‌మన్ స్తంభం ఎక్కి తీగ పట్టుకుంటాడు. కరెంటు తీసేశాం అన్న ధైర్యంతోనే ఎక్కుతాడు. అదే సమయంలో మన డాబా మీది ప్యానెల్స్ ఆ తీగలోకి కరెంటు పంపిస్తూ ఉంటే? అది కూడా మామూలు కరెంటుగా ఉండదు. మన వైపు నుంచి వెనక్కి వెళ్లిన కరెంటు వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉల్టాగా నడిచి, అవతలి వైపు 11,000 వోల్టుల లైనుకు ప్రాణం పోస్తుంది. అందుకే వీధి లైనులో కరెంటు లేదని గమనించిన వెంటనే, రెండు సెకన్ల లోపే, సోలార్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలని నిబంధన ఉంది. ఇంజినీర్లు దీన్ని యాంటీ ఐలాండింగ్ అంటారు.

అంటే ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఫ్యాన్ ఆగింది మెషిన్ పాడై కాదు. మెషిన్ సరిగ్గా పనిచేసింది కాబట్టే ఆగింది. ఈ మాట మర్నాడు క్లాస్‌లో చెప్పగానే, ముందురోజు నవ్విన పిల్లలే "మరి లైన్‌మన్‌కి గ్లవ్స్ ఉంటాయి కదా మేడమ్" అని వాదనకు దిగారు. ఆ రోజు పోర్షన్ సాగలేదు. నాకేమీ బాధ అనిపించలేదు.

కరెంటు పోయినప్పుడు కూడా ఇల్లు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ కావాలి. దానికి ఖర్చు బాగా పెరుగుతుంది. మీ వీధిలో నెలకు ఒకటి రెండు గంటలు మాత్రమే కరెంటు పోతుంటే అంత ఖర్చు నాకైతే దండగే అనిపిస్తుంది. లైట్లకీ ఫ్యాన్లకీ మామూలు ఇన్వర్టర్ చాలు. ఇప్పటికే ఇంట్లో ఉంటే సోలార్ వచ్చిందని అమ్ముకోకండి.

కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

సోలార్ గురించి మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లం ఎక్కువగా తడబడేది ఇక్కడే. "మాది మూడు కిలోవాట్లు, అంటే మూడు యూనిట్లా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. కాదు. కిలోవాట్ అనేది కుళాయి ఎంత జోరుగా వస్తోందో చెబుతుంది. యూనిట్ అనేది బిందెలో ఎన్ని నీళ్లు నిండాయో చెబుతుంది. ఒక కిలోవాట్ జోరుతో ఒక గంట నడిస్తే ఒక యూనిట్. మన ఇళ్లలో నీళ్ల మోటార్ ఒక హెచ్‌పీ ఉంటే అది 746 వాట్లు. కాబట్టి సుమారు గంటా ఇరవై నిమిషాలు నడిస్తే ఒక యూనిట్ తిరుగుతుంది.

ఒక కిలోవాట్ ప్యానెల్స్ మన ప్రాంతంలో రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తాయి. మూడు కిలోవాట్లు పెట్టిస్తే రోజుకు 12, నెలకు 300 నుంచి 360. ఇది ఏడాది మొత్తం మీద సగటు. జూలై, ఆగస్టులో మబ్బు పట్టిన వారాల్లో ఇందులో సగం కూడా రాని రోజులుంటాయి. పక్కింటి వాటర్ ట్యాంక్ నీడ, కొబ్బరాకు నీడ ఒక ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం దెబ్బతినవచ్చు. దుమ్ము, పావురాల రెట్టలు సరేసరి. నెలకు రెండుసార్లు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నీళ్లతో కడగాల్సిందే. ఆ పని ఎవరు చేస్తారో ముందే అనుకోండి. మెట్లు లేని పైకప్పు మీద బిగించుకుని తర్వాత అవస్థ పడుతున్నవాళ్లు ఉన్నారు.

పిల్లలకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. మేలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటు కూడా ఎక్కువ వస్తుందనుకుంటాం. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ మీద 540 వాట్లు అని రాసి ఉంటే, అది ల్యాబ్‌లో ప్యానెల్‌ను 25 డిగ్రీల దగ్గర ఉంచి కొలిచిన అంకె. మన డాబా మీద మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాలుతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. 40 డిగ్రీలకు 14 శాతం. అంటే అదే 540 వాట్ల ప్యానెల్ 465 వాట్ల దగ్గర ఆగుతుంది. మబ్బుల్లేని, మరీ వేడి లేని ఫిబ్రవరి రోజులు దానికి ఎంతో హాయి. మీ ఇంట్లో సోలార్ యాప్ ఉంటే ఫిబ్రవరి, మే నెలలు పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి.

"జీరో బిల్లు" మాట

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం ప్రారంభించింది. కోటి ఇళ్లకు సోలార్ లక్ష్యం. సబ్సిడీ ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు గానీ అంతకంటే ఎక్కువకు గానీ 78,000 రూపాయలు. మంచి పథకమే. కానీ వాట్సాప్ ఫార్వర్డుల్లో ఇది "ఉచిత కరెంటు" అయిపోయింది.

సబ్సిడీ ముందుగా చేతికి రాదు. రిజిస్టర్ అయిన వెండర్ చేత బిగించుకుని, డిస్కం వాళ్లు వచ్చి పరీక్షించి, మీటర్ మార్చాక మీ అకౌంట్లో పడుతుంది. అంతవరకు డబ్బు మీదో బ్యాంకుదో అయి ఉండాలి. ప్యానెల్స్ మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. "ఇవి చవక సార్, ఇంపోర్టెడ్" అని ఎవరైనా తక్కువ ధర చెబితే సబ్సిడీ సంగతి అప్పుడే అడగండి.

ఇక బిల్లు. వాడిన యూనిట్లకు, పంపిన యూనిట్లకు చెల్లైపోయినా ఫిక్స్‌డ్ చార్జి, కస్టమర్ చార్జి లాంటివి వస్తూనే ఉంటాయి. మనం ఎక్కువగా పంపిన యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర సాధారణంగా మనం కొనే ధర కంటే తక్కువ. కాబట్టి "పెద్దది పెట్టించుకుని అమ్ముకుందాం" అనే లెక్క చాలా ఇళ్లలో కుదరదు. గత ఏడాది పన్నెండు బిల్లులూ ముందు వేసుకుని, నెలకు ఎన్ని యూనిట్లు వాడుతున్నారో చూసి, దానికి సరిపడా పెట్టించుకోవడమే మేలు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడుతూ ఇప్పటికే సున్నా బిల్లు అందుకుంటున్న కుటుంబం లోన్ తీసుకుని సోలార్ పెట్టించుకుంటే మిగిలేదేమీ లేదు. లేని బిల్లును తగ్గించడానికి కిస్తీలు కట్టినట్టవుతుంది. అదే రెండు ఏసీలు నడుస్తూ నెలకు 400 యూనిట్లు దాటే ఇంటికి లెక్క పూర్తిగా మారిపోతుంది. పై స్లాబుల్లో యూనిట్ ధర బాగా ఎక్కువ కాబట్టి సోలార్ ముందు కోసేది ఆ ఖరీదైన యూనిట్లనే. అలాంటి ఇంట్లో పెట్టిన డబ్బు కొన్నేళ్లలోనే తిరిగి వస్తుంది. పక్కింటివాళ్లకు లాభం వచ్చిందని మనకూ రావాలని లేదు, రాలేదని మనకూ రాకుండా పోదు.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు టెర్రస్ అందరిదీ. అసోసియేషన్ తరఫున లిఫ్టు, మోటార్, కారిడార్ లైట్ల కోసం పెట్టించుకుంటే కిలోవాట్‌కు 18,000 చొప్పున సబ్సిడీ ఉంది. దానికి కావలసింది ఎండ కంటే ముందు అందరి సంతకాలు. అది సోలార్ కంటే కష్టం అని మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు అంటుంటారు.

"25 ఏళ్ల వారంటీ" గురించి రెండు ముక్కలు. అది ప్యానెల్ ఇచ్చే శక్తి మీద. ఇన్వర్టర్‌కు వారంటీ వేరుగా, అంతకంటే చాలా తక్కువ ఏళ్లు ఉంటుంది. ఈ పాతికేళ్లలో ఇన్వర్టర్‌ను కనీసం ఒకసారి మార్చాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోండి.

పవర్ బ్యాంక్ మీది చిన్న అక్షరాలు

ఇంట్లో పవర్ బ్యాంక్ ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. ముందువైపు పెద్దగా 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. పిల్లల లెక్క ఏమిటంటే, ఫోన్ బ్యాటరీ 5,000, కాబట్టి నాలుగుసార్లు ఎక్కాలి. ఎక్కదు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. రేటెడ్ కెపాసిటీ అని 12,000 దగ్గర ఏదో ఒక అంకె కనిపిస్తుంది. రెండూ నిజమే. లోపలి సెల్స్ 3.7 వోల్టుల దగ్గర 20,000. అది బయటికి 5 వోల్టులుగా మారి వచ్చేటప్పుడు అంకె తగ్గుతుంది, కొంత వేడి రూపంలో పోతుంది.

20 ఏహెచ్‌ను 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్స్. ఈ అంకె కూడా దాని మీదే ఉంటుంది, అసలు పనికొచ్చేది అదే. విమానంలో 100 వాట్ అవర్స్ దాటని పవర్ బ్యాంక్‌ను చేతి బ్యాగులో తీసుకెళ్లనిస్తారు, చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తాతయ్యలు, అమ్మమ్మలు ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు విప్పాల్సి వచ్చేది ఎక్కువగా దీనికోసమే.

స్కూటర్ ఎన్ని కిలోమీటర్లు వెళ్తుంది

బ్రోషర్‌లో రేంజ్ 120 కిలోమీటర్లు అని ఉన్న స్కూటర్ మీద ఇద్దరు ఎక్కి, మధ్యలో స్కూల్ బ్యాగు పెట్టుకుని, ఫ్లైఓవర్లు ఎక్కుతూ వెళ్తే 80-90 కిలోమీటర్లకే చార్జింగ్ అయిపోతుంది. ఆ 120 ఎక్కడి నుంచి వచ్చింది? ల్యాబ్‌లో బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో నడిపి కొలిచినది. అందులో సగటు వేగం గంటకు సుమారు 22 కిలోమీటర్లు, అత్యధికం 42. మన రోడ్ల మీద 42 దాటకుండా నడిపేవాళ్లు ఎంతమంది? వేగం పెరిగేకొద్దీ గాలిని తోసుకుంటూ వెళ్లడానికే బ్యాటరీ ఖర్చవుతుంది. కొనేముందు "ట్రూ రేంజ్ ఎంత" అని అడగండి. చాలామంది అమ్మకందారులు దాచరు, అడిగితే చెబుతారు.

ఖర్చు లెక్క మాత్రం స్కూటర్ వైపే మొగ్గుతుంది. 3 యూనిట్ల బ్యాటరీ నిండడానికి గోడ నుంచి 3.5 యూనిట్లు లాగుతుంది, మిగతాది చార్జర్ వేడిలో పోతుంది. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా 25 రూపాయల లోపే. దానితో 85 కిలోమీటర్లు వెళ్తే కిలోమీటర్‌కు 30 పైసలు కూడా కాదు. పెట్రోల్ స్కూటర్ లీటర్‌కు 45 ఇస్తే, లీటర్ 108 అనుకుంటే, కిలోమీటర్‌కు 2 రూపాయల 40 పైసలు.

అయితే మీరు ఎంత తిరుగుతారు? రోజుకు 30 కిలోమీటర్లు ఆఫీసుకు తిరిగేవారికి నెలకు 1,600 రూపాయల పైన మిగులుతుంది. పాపను స్కూల్లో దింపి రావడానికి రోజుకు 5 కిలోమీటర్లే తిరిగే తల్లికి మిగిలేది 300 కూడా ఉండదు. ఆ మిగులు కోసం నడుస్తున్న స్కూటీని అమ్మి లక్షకు పైగా పెట్టి కొత్తది కొనడం నాకు సరైన పనిగా తోచదు. పాతది పాడయ్యేదాకా నడపండి, అప్పుడు ఆలోచించండి. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కూడా కాగితం మీద చూసుకోండి. బండి ధరలో పెద్ద భాగం అదే.

"కరెంటు బొగ్గు నుంచే కదా, మరి పొల్యూషన్ ఎక్కడ తగ్గింది?" అని ఒక పేరెంట్ అడిగారు. మంచి ప్రశ్న. మన దేశంలో తయారయ్యే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గుదే. సగటున ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పై లెక్క ప్రకారం స్కూటర్ కిలోమీటర్‌కు దాదాపు 29 గ్రాములు. లీటర్ పెట్రోల్ కాలితే 2.3 కిలోలు, అంటే కిలోమీటర్‌కు 51 గ్రాములు. బొగ్గు కరెంటుతో నడిపినా తగ్గుతుందన్నమాట. మోటార్ తనకిచ్చిన శక్తిలో ఎక్కువ భాగాన్ని చక్రానికి ఇస్తుంది, పెట్రోల్ ఇంజిన్ ఎక్కువ భాగాన్ని వేడిగా వదిలేస్తుంది. బ్యాటరీ తయారీలో వచ్చే పొగ దీనికి అదనం, అది బండి చాలా కిలోమీటర్లు తిరిగితేనే తీరే అప్పు. కాబట్టి "సున్నా కాలుష్యం" అన్నదీ నిజం కాదు, "పెట్రోల్‌తో సమానమే" అన్నదీ నిజం కాదు. ఇక రాత్రి విషయానికొస్తే, 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు కూడా రాత్రి 8 గంటలకు ఇచ్చేది సున్నానే. మనం స్కూటర్ ప్లగ్ పెట్టేది సరిగ్గా ఆ సమయానికే. రామగుండంలో బొగ్గు ప్లాంటు రిజర్వాయర్ నీళ్ల మీదే 100 మెగావాట్ల సోలార్ ప్యానెల్స్ తేలుతున్నాయి. పగలు ఇది, రాత్రి అది.

దయచేసి ఈ రెండూ వదిలేయకండి

మొదటిది, చార్జింగ్ పెట్టే చోటు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక భవనం కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి వ్యాపించి 8 మంది చనిపోయారు. ఆ తర్వాత బ్యాటరీల భద్రతా పరీక్షలు కఠినం చేశారు, ఇప్పుడు వస్తున్న బండ్లు మెరుగే. అయినా మెట్ల కింద, ఇంటి గుమ్మం దగ్గర చార్జింగ్ పెట్టకండి. మంట వస్తే మనం బయటికి రావాల్సిన దారి అదే. ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్ వాడండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వద్దు. వానలో తడిసి వచ్చిన వెంటనే, ఎండలో కాలి వచ్చిన వెంటనే పెట్టకండి. ఒక అరగంట ఆగండి. చార్జర్ బండితో వచ్చినదే అయి ఉండాలి.

రెండోది రాయడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది, కానీ రాయాలి. మా టెన్త్ పిల్లలు కొందరు ట్యూషన్‌కు ఎలక్ట్రిక్ స్కూటర్ మీద వెళ్లడం చూస్తున్నాను. అడిగితే "వీటికి లైసెన్స్ అక్కర్లేదు మేడమ్" అంటున్నారు. లైసెన్స్ అక్కర్లేనిది గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్ల లోపు మోటార్ ఉన్న బండికి మాత్రమే. 60, 80 వేగంతో వెళ్లే స్కూటర్‌కు నంబర్ ప్లేట్, లైసెన్స్, హెల్మెట్ అన్నీ కావాలి. మైనర్ అలాంటి బండి నడుపుతూ దొరికితే 2019లో సవరించిన మోటార్ వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. జరిమానా సంగతి అలా ఉంచండి. ఈ బండ్లు శబ్దం చేయవు. వెనక నుంచి వస్తున్నట్టు నడిచేవాళ్లకు తెలియదు. మన పిల్లలకు బ్రేకు మీద ఇంకా అంత పట్టు ఉండదు.

తక్కువ ఖర్చుతో ముందు చేయగలిగింది

సోలార్‌కూ స్కూటర్‌కూ ముందు ఇంట్లో ఫ్యాన్ చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర సరిపెట్టుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. యూనిట్ 6 రూపాయలైతే 97 రూపాయలు. ఎప్పుడోగానీ వేయని గెస్ట్ రూమ్ ఫ్యాన్ మార్చడం వల్ల లాభం లేదు, పడకగదిది మార్చండి.

ఈ నెల ఎయిత్, నైన్త్, టెన్త్ పిల్లలకు ఒక యాక్టివిటీ ఇస్తున్నాం. వారం రోజులు, ప్రతి ఉదయం 7 గంటలకు ఇంటి మీటర్ రీడింగ్ నోట్‌బుక్‌లో రాయాలి. ఏ రోజు ఎక్కువ తిరిగిందో, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో పక్కన ఒక వాక్యం. సోలార్ ఉన్న ఇళ్లలో మీటర్‌లో ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ అని రెండు అంకెలు మారుతూ కనిపిస్తాయి, రెండూ రాయాలి. మీటర్ బాక్స్ తెరవాల్సిన పని లేదు, అద్దంలోంచి చూస్తే చాలు. చిన్న పిల్లలైతే దయచేసి మీరు పక్కన ఉండండి.

ఆ నైన్త్ క్లాస్ అబ్బాయి ఇప్పుడు టెన్త్. ఎగ్జామ్స్ అయ్యాక వాళ్ల నాన్నగారు మళ్లీ ఇన్వర్టర్ బ్యాటరీ కొనడానికి షాపుకి వెళ్తే 200 ఏహెచ్ తీసుకోమన్నారట. పిల్లాడు నోట్‌బుక్‌లో లెక్క వేశాడు. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు 60 వాట్లు, రెండు ఎల్ఈడీ లైట్లు 18 వాట్లు, మొత్తం 78. నాలుగు గంటలకు 312 వాట్ అవర్స్. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో 1,200 ఉంటాయి. వృథా ఎంత పోయినా సరిపోతుందని చిన్నదే తెచ్చుకున్నారు. నాకు చూపించడానికి ఆ పేజీ స్కూల్‌కి తెచ్చాడు. లెక్క అంతా చూసి వాళ్ల అమ్మగారు "మరి మిక్సీ?" అని అడిగారట. మిక్సీ 750 వాట్లు. అది ఇన్వర్టర్ మీద వేయొచ్చో లేదో లెక్క చేసుకుని సోమవారం చెప్తానన్నాడు.